టీ మాన్పించాలా, వాయిదా తగ్గించాలా? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

యాంకర్: ఇంటి ఖర్చుల మీద మీ ప్రశ్నలకు రిటైర్డ్ బ్యాంకు మేనేజరు గారు జవాబు చెబుతారు. తణుకు నుంచి కాల్. చెప్పండమ్మా.

కాలర్: హలో... వినపడుతోందా అండీ?

యాంకర్: వినపడుతోంది. టీవీ సౌండ్ తగ్గించండి.

కాలర్: ఆ, తగ్గించానండీ. మావారిది ప్రైవేటు ఉద్యోగం. రోజూ బయట రెండు టీలు, సాయంత్రం బజ్జీలు. నేను వండినా సరే, కర్రీ పాయింట్ నుంచి కూర తెస్తారు. మా అత్తగారేమో కొడుకుని ఒక్క మాటనరు. అన్నీ కలిపి నెలకి రెండు వేలండీ! ఆయన చేత టీ ఎలా మాన్పించాలో...

మేనేజరు: టీ సంగతి తర్వాత. వాయిదాలేమైనా కడుతున్నారా?

కాలర్: బండొకటి ఉందండీ, దసరాకి తీసుకున్నాం. లక్ష అప్పు, మూడేళ్లు. పది శాతమే అన్నారు. నెలకి 3,611.

మేనేజరు: 36 నెలలకి 1,30,000. లక్షకి 30,000 వడ్డీ. ఇది ఫ్లాట్ వడ్డీ అమ్మా. మీరు నెలనెలా అసలు తీరుస్తున్నా చివరిదాకా లక్ష మీదే వేస్తారు. అదే పది శాతం, మిగిలిన బాకీ మీద వేస్తే వాయిదా 3,227, మొత్తం వడ్డీ 16,000 చిల్లర. మీరు కట్టేది మన లెక్కలో నెలకి నూటికి రూపాయిన్నర. నెలకి ఎంత అని కాదు, మొత్తం ఎంత అని అడగాలి.

కాలర్: అమ్మో, రూపాయిన్నరా! షోరూములో ఎవరూ అనలేదండీ. సరే, టీ మాత్రం మానమంటారా?

మేనేజరు: (నవ్వుతూ) మళ్లీ టీయేనా! నెలకి రెండు వేలంటే మూడేళ్లకి 72,000. తక్కువని నేననను. కానీ దానికోసం మీరు రోజూ గొడవపడాలి. బండికి ఒక్క పూట నాలుగు చోట్ల అడిగుంటే 14,000 దాకా మిగిలేది. కర్రీ పాయింట్ తగ్గించమనండి, టీ జోలికి పోకండి.

కాలర్: ఇప్పుడేం చెయ్యాలండీ మరి?

మేనేజరు: ముందే తీర్చేస్తే ఎంత కట్టాలో కాగితం మీద రాయించుకోండి. 2024 అక్టోబరు 1 నుంచి కొత్త అప్పులకి కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్, అంటే అప్పు ముఖ్య వివరాల కాగితం, ఇవ్వాలని రిజర్వు బ్యాంకు రూలు. ఛార్జీలన్నీ కలిపిన ఏడాది వడ్డీ అందులో ఏపీఆర్ అని ఉంటుంది. మీకు ఇచ్చే ఉంటారు, వెతకండి.

కాలర్: బీరువాలో ఏవో కాగితాలున్నాయండీ. మావారు టీ...

యాంకర్: థాంక్యూ అమ్మా. కరీంనగర్ నుంచి, చెప్పండి.

కాలర్: నమస్తే సార్. బిడ్డ పెండ్లికి నాలుగు తులాల హారం. ఒక దుకాణంల తరుగు 14 శాతం అంటున్నరు, ఇంకో దాంట్ల 10.

మేనేజరు: నాలుగు శాతం తేడా అంటే 40 గ్రాముల మీద 1.6 గ్రాములు. ఇవాళ్టి రేటు మీరే వేసుకోండి. రాళ్ల తూకం తీసేసి బిల్లు వేయమనండి, నగ మీద హాల్‌మార్క్‌తో పాటు ఉండే హెచ్‌యూఐడీ నంబరు చూసుకోండి. ఇక్కడా అంతే, మొత్తం ఎంతో అడగండి.

కాలర్: పెండ్లి ఖర్చుకు సిగరెట్ బంద్ చేద్దామనుకుంటున్న సార్.

మేనేజరు: అది డబ్బు కోసం కాకపోయినా బంద్ చెయ్యండి.

యాంకర్: తర్వాత హైదరాబాద్.

కాలర్: సార్, వడ్డీ లేని వాయిదాలంటున్నారు, నో కాస్ట్ ఈఎంఐ మీద ఫోన్...

మేనేజరు: ప్రాసెసింగ్ ఫీజు, దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపి చూడు బాబూ. ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారో కూడా అడుగు. మొత్తం...

యాంకర్: టైమ్ అయిపోయింది సార్. నమస్కారం.