దొడ్డిగుమ్మం పాట: డి.ఎల్. మెనార్డ్ సంగీత జీవితంపై నా రివ్యూ

నమస్తే అండీ. ఈసారి రివ్యూ కొత్త ఆల్బమ్ మీద కాదు. ఒక మనిషి మొత్తం పాటల జీవితం మీద. ఆయన పేరు డి.ఎల్. మెనార్డ్. పుట్టింది అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో. పాడింది కేజన్ సంగీతం, అంటే అక్కడి ఫ్రెంచ్‌వాళ్ళ జానపద సంగీతం. అమెరికా పల్లెల కంట్రీ మ్యూజిక్ వాసనతో, అదీ ఫ్రెంచ్‌లో.

అమెరికాలో ఫ్రెంచ్ ఏంటి అనుకుంటున్నారు కదా, ముందు అది చెప్పేస్తాను. 1755లో బ్రిటిష్‌వాళ్ళు ఇప్పటి కెనడాలో ఉన్న నోవా స్కోషియా నుంచి అకేడియన్లనే ఫ్రెంచ్ రైతుల్ని ఊళ్ళు ఖాళీ చేయించి తరిమేశారు. ఓడలెక్కించి ఎక్కడెక్కడో వదిలేశారు. వాళ్ళలో కొందరు ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి లూసియానా చేరారు. అకేడియన్ అన్న మాటే నోళ్ళలో అరిగి అరిగి కేజన్ అయింది. వాళ్ళది పారిస్ ఫ్రెంచ్ కాదు. పొలం గట్ల మీద, వంటింట్లో బతికిన ఫ్రెంచ్.

1921లో లూసియానా రాజ్యాంగం బడుల్లో చదువు ఇంగ్లీషులోనే చెప్పాలంది. ఫ్రెంచ్ మాట్లాడిన పిల్లల్ని బళ్ళో దండించేవారు. మెనార్డ్ 1932 ఏప్రిల్ 14న, ఈరత్ అనే చిన్న ఊళ్ళో, రైతు కుటుంబంలో పుట్టాడు. ఇంట్లో ఒక భాష, బళ్ళో ఇంకో భాష. ఆ తరం కేజన్లలో చాలామందికి ఫ్రెంచ్ మాట్లాడడం వచ్చు, పాడడం వచ్చు, చదవడం రాయడం మాత్రం రాదు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుని వినండి, ఆయన పాట మీకు వేరేగా వినిపిస్తుంది.

పదహారు, పదిహేడేళ్ళ వయసులో గిటార్ పట్టుకున్నాడు. రేడియోలో వినే కంట్రీ పాటలంటే ప్రాణం. అందులోనూ ఆ రోజుల్లో పెద్ద కంట్రీ గాయకుడైన హాంక్ విలియమ్స్ అంటే పిచ్చి. 1951లో ఆ హాంక్ విలియమ్స్ న్యూ ఐబీరియా దగ్గర టెష్ క్లబ్‌కి పాడడానికి వచ్చాడు. మెనార్డ్ వెళ్ళి కలిశాడు, మాట్లాడాడు. మీ వాళ్ళ సంగీతాన్ని తక్కువగా చూడొద్దు, అది మంచి సంగీతం అన్న అర్థం వచ్చేలా హాంక్ తనతో చెప్పాడని ఆయన జీవితమంతా చెప్పుకునేవాడు. 1953 జనవరి 1న హాంక్ చనిపోయాడు. అప్పటికి 29 ఏళ్ళే.

ఇక్కడి నుంచే అసలు విషయం. మెనార్డ్‌ని అందరూ కేజన్ హాంక్ విలియమ్స్ అంటారు. గొంతు వింటే మీరూ ఒప్పుకుంటారు. అదే ముక్కు పలుకు, అదే చోట గొంతు విరగడం. అందుకే కొంతమంది ఆయన్ని అనుకరణ అని పక్కన పెట్టేస్తారు. నేను అస్సలు ఒప్పుకోను. ఎందుకో ఒక్క పాట చాలు చెప్పడానికి.

ఆ పాట పేరు లా పోర్త్ దాన్ అరియేర్. అంటే వెనక తలుపు. మన మాటలో దొడ్డిగుమ్మం. 1961లో ఒక పెట్రోల్ బంకులో పనిచేస్తూ, డ్యూటీలో ఉండగానే, ఒక గంటలో రాసేశాడు. 1962లో లూసియానా ఏసెస్ బృందంతో రికార్డ్ చేశారు. అకార్డియన్ (చేతుల్లో సాగదీసి వాయించే హార్మోనియం లాంటిది) వాయించింది ఎలియాస్ బాడో. రికార్డు వేసింది విల్ ప్లాట్ ఊరి ఫ్లాయిడ్ స్వాలో. ఆయన ఇంటిపేరు ఫ్రెంచ్ స్పెల్లింగ్‌లో వేరేగా ఉంటుంది, పలికితే స్వాలోనే. అందుకే కంపెనీకి స్వాలో రికార్డ్స్ అని పిట్ట పేరు పెట్టుకున్నాడు.

పాటలో నాలుగు చరణాలు. ప్రతి చరణం చివర అదే లైన్, దొడ్డిగుమ్మంలోంచి లోపలికి వెళ్ళడం. మొదటి చరణంలో అమ్మాయితో డాన్స్‌కి వెళ్ళి, ఊళ్ళో బార్లన్నీ తిరిగి, తెల్లారుతుంటే ఇంటికొస్తాడు. ఎవరూ చూడకుండా దొడ్డిగుమ్మం. సరదాగా ఉంటుంది. రెండోదాంట్లో పట్టపగలే తాగి నడవలేకపోతుంటే ఎవరో తెచ్చి ఇంటి దగ్గర దింపుతారు. ఇంట్లో చూస్తే కొత్తవాళ్ళు కూర్చుని ఉన్నారు. మళ్ళీ దొడ్డిగుమ్మం. ఇంకా నవ్వొస్తూనే ఉంటుంది.

మూడో చరణంలో ముసలి తండ్రి వస్తాడు. నచ్చజెప్పబోతాడు. కొడుకు వినడు. ఏదో ఒక రోజు నువ్వే బాధపడతావురా అంటాడు తండ్రి. గమనించారా, ట్యూన్ మారలేదు, వేగం మారలేదు. జనం డాన్స్ చేస్తూనే ఉంటారు. కానీ పాట బరువెక్కిపోయింది. నాలుగో చరణంలో డబ్బు అయిపోతుంది, డబ్బుతోపాటే స్నేహితులూ పోతారు. ఊళ్ళో గొడవలో ఇరుక్కుంటాడు, పోలీసులు పట్టుకుపోతారు. జైల్లోకి వెళ్ళేది కూడా వెనక తలుపులోంచే.

తలుపు మాట ఒక్కటే. మొదటిసారి అల్లరి, రెండోసారి సిగ్గు, మూడోసారి తండ్రి మాట, నాలుగోసారి జైలు. ఒక్క పదం కూడా కష్టమైనది లేదు. చిన్న పిల్లలకీ అర్థమవుతుంది. ఇలా రాయడం ఎంత కష్టమో పాట రాయడానికి కూర్చున్నవాళ్ళకి తెలుస్తుంది.

భాష చూడండి. ఫ్రెంచ్ లైన్ మధ్యలో హాంకీటాంక్ (నాటు బార్) అనే ఇంగ్లీషు మాట వచ్చేస్తుంది. నన్ను ఇంటికి తిరిగి తీసుకొచ్చారు అనే చోట బ్యాక్ అనేస్తాడు. మనం లేట్ అయింది అన్నంత మామూలుగా. ఎక్కడా దాన్ని సరిదిద్దలేదు. ఇంట్లో ఎలా మాట్లాడతారో అలాగే పాటలో పెట్టాడు. బళ్ళో మాట్లాడనివ్వని భాషని డాన్స్ హాల్లో అందరిచేతా గొంతెత్తి పాడించాడు. ఇప్పటికీ కేజన్ బ్యాండ్ ఏదైనా ఈ పాట వాయించకుండా ఉండడం కష్టం. హాంక్ దగ్గర నుంచి తీసుకున్నది పాట కట్టే పద్ధతి. లోపల ఉన్న జీవితం మాత్రం ఈరత్‌ది. దాన్ని అనుకరణ అనడం నా దృష్టిలో అన్యాయం.

వాయిద్యం గురించి రెండు మాటలు. మెనార్డ్ సోలోలు వాయించే మనిషి కాదు. ఆయనది రిథమ్ గిటార్. అకార్డియన్, ఫిడేలు పైన ఎంత ఎగిరినా కింద ఆ గిటార్ కదలదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ గిటార్ ఒక్కదాన్నే పట్టుకుని వినండి. కాళ్ళు కదిలేది దాని వల్లే.

అంత హిట్ కొట్టాక ఆయన ఏం చేశాడు? కుర్చీలు చేశాడు. నిజంగానే, చెక్క కుర్చీలు, ఊగే కుర్చీలు చేసే షెడ్ నడిపాడు. 1990ల్లో అది కాలిపోతే మళ్ళీ కట్టుకున్నాడు. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. పాట మీదే బతకాల్సిన అవసరం లేదు కాబట్టి, మార్కెట్ కోసం పాట మార్చుకోవాల్సిన అవసరమూ రాలేదు.

1968లో లూసియానా ప్రభుత్వం ఫ్రెంచ్‌ని నిలబెట్టడానికి కోడోఫిల్ అనే సంస్థ పెట్టింది. గాలి మారింది. 1973లో లూసియానా ఏసెస్ మళ్ళీ కలిసి నేషనల్ ఫోక్ ఫెస్టివల్‌లో పాడారు. అక్కడి నుంచి ఆయన ముప్పైకి పైగా దేశాలు తిరిగాడు. 1994లో నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ వచ్చింది. అమెరికాలో జానపద కళాకారులకి దక్కే పెద్ద గౌరవం అది.

ఆల్బమ్స్‌కి వస్తే, 1974లో రౌండర్ కంపెనీ వేసిన లూసియానా ఏసెస్ రికార్డు నాకు అన్నిటికన్నా ఇష్టం. స్టూడియోలో కాకుండా శనివారం రాత్రి డాన్స్ హాల్లో ఉన్నట్టే ఉంటుంది. 1984లో వచ్చిన కేజన్ సాటర్డే నైట్ మీద నాకు చిన్న కంప్లైంట్ ఉంది. నున్నగా పాలిష్ చేసినట్టుంటుంది, పూర్తిగా కంట్రీ వైపు ఒరిగిపోయింది. కేజన్ రుచి తగ్గింది. అయినా వదలకండి, ఒక కారణం ఉంది. అందులో ఫిడేలు జెర్రీ రివర్స్, స్టీల్ గిటార్ (తీగల మీద లోహపు కడ్డీ జార్చి వాయించేది) డాన్ హెల్మ్స్. ఇద్దరూ హాంక్ విలియమ్స్ సొంత బ్యాండ్‌వాళ్ళు. కుర్రాడిగా రేడియోలో విన్న అదే స్టీల్ గిటార్ పక్కన నిలబడి, యాభై దాటిన వయసులో ఆయన పాడుతున్నాడు. ఆ గొంతులో సంతోషం దాగదు.

చివరి ఆల్బమ్ హ్యాపీ గో లక్కీ, 2010. అప్పటికి 78 ఏళ్ళు. దానికి గ్రామీ నామినేషన్ వచ్చింది. ఆ లిస్టులో పక్కనున్నవాళ్ళలో ఫ్యూఫోలే, పైన్ లీఫ్ బాయ్స్ లాంటి కుర్ర బ్యాండ్లు ఉన్నాయి. అవార్డు చబ్బీ కారియర్‌కి వెళ్ళింది. గొంతు కాస్త సన్నబడింది కానీ తాళం ఎక్కడా జారలేదు. 2017 జులై 27న, 85 ఏళ్ళ వయసులో మెనార్డ్ కన్నుమూశాడు.

హ్యూస్టన్‌లో ఉన్న మనవాళ్ళకి ఒక మాట. ఐ-10 మీద తూర్పుకి మూడున్నర గంటలు వెళ్తే లఫాయెట్ వస్తుంది. అక్కడి నుంచి ఈరత్ దగ్గరే. వారాంతంలో ఎక్కడైనా కేజన్ డాన్స్ ఉంటే వెళ్ళి చూడండి.

మిగతావాళ్ళు ఇంట్లోనే, ముందు ఆ 1962 నాటి రికార్డు వినండి. నాలుగో చరణం అయిపోగానే మళ్ళీ మొదటి చరణం పెట్టుకోండి. మీకు ఏ తలుపు దగ్గర గుండె పట్టేసిందో కింద రాయండి. నాకైతే మూడోది. ఉంటానండి.