చిన్న రియాక్టరుకు నీళ్లెక్కడివి?

శ్రోతలకు నమస్కారం.

పెళ్లింట్లో గుండిగ నిండా వండి మూతపెట్టిన అన్నం మధ్యాహ్నం మూడైనా చెయ్యి కాలుస్తుంది. అదే అన్నం గిన్నెల్లోకి సర్దితే అరగంటలో చల్లారుతుంది. గిన్నెలో ఉన్న కొంచెం అన్నానికి గాలి తగిలే ఉపరితలం ఎక్కువ మరి. చిన్న అణు రియాక్టర్ల మీద పెట్టుకున్న ఆశ సగం ఈ గిన్నెలోనే ఉంది.

రియాక్టరును ఆపేసినా వేడి పుట్టడం ఆగదు. ఆపిన క్షణంలో మామూలు వేడిలో 6 శాతం పైచిలుకు వస్తూనే ఉంటుంది. గంట గడిస్తే ఒకటిన్నర శాతం, రోజు గడిస్తే అర శాతం. అర శాతమే కదా అనిపిస్తుంది. 220 మెగావాట్ల కరెంటు ఇచ్చే రియాక్టరులో పుట్టే వేడి సుమారు 750 మెగావాట్లు. అందులో అర శాతమంటే ఇళ్లలోని రెండు కిలోవాట్ల గీజర్లు దాదాపు రెండు వేలు, రాత్రింబవళ్లు మండుతున్నట్టు. 2011లో ఫుకుషిమాలో భూకంపం రాగానే నడుస్తున్న రియాక్టర్లు వాటంతటవే ఆగాయి. తర్వాత సునామీ వచ్చి డీజిల్ జనరేటర్లను ముంచింది. పంపులు నిలిచిపోయాయి. ఆ మిగులు వేడికే ఇంధనం కరిగిపోయింది.

కొత్త చిన్న డిజైన్లలో కొన్నిటికి పంపే అక్కర్లేదు. పొడవాటి ఉక్కుపాత్రలో అడుగున ఇంధనం, పైన ఆవిరి పుట్టించే గొట్టాలు. ఎసట్లో నీళ్లు తిరిగినట్టు వేడినీరు పైకి, చల్లబడ్డ నీరు కిందికి దానంతటదే తిరుగుతుంది. పాత్ర మొత్తాన్ని నీటి కొలనులో ముంచి ఉంచుతారు. అమెరికాలో న్యూస్కేల్ సంస్థ 50 మెగావాట్ల డిజైను ఇలాంటిదే.

అయితే వేడి పోయే ఆ ఉపరితలం నుంచే, యురేనియం అణువుల్ని చీల్చే న్యూట్రాన్లు కూడా జారిపోతాయి. చిన్న పొయ్యిలో మంట నిలవాలంటే ఇంధనం ఘాటుగా ఉండాలి. అందుకే కొన్ని డిజైన్లు, తేలిగ్గా చీలే రకం పాలు 5 నుంచి 20 శాతం దాకా పెంచిన యురేనియం అడుగుతాయి. దాన్ని తయారుచేసే దేశాలు వేళ్లమీద లెక్కపెట్టదగ్గవి.

మన దేశంలో చిన్న రియాక్టరు అన్న పేరుకింద రెండు రకాల సరుకు ఉంది. భారత్ స్మాల్ రియాక్టర్ అంటున్న 220 మెగావాట్లది కల్పక్కంలోనూ కైగాలోనూ ఎన్నో ఏళ్లుగా నడుస్తున్న భారజల (బరువైన రకం హైడ్రోజన్ ఉన్న నీరు వాడే) రియాక్టరుకే మెరుగుదల. దానికి చీలే రకం పాలు పెంచని, ప్రకృతిలో దొరికే యురేనియమే చాలు. అడ్డంగా 306 గొట్టాలు, ఒక్కో గొట్టంలో 12 ఇంధనపు కట్టలు. ఒక్కో కట్ట అర మీటరు పొడవు, పెన్సిళ్ల కట్టలా 19 కడ్డీలు, లోపల సుమారు 15 కిలోల యురేనియం ఆక్సైడు. ఈ కట్టలు హైదరాబాదులో తయారవుతాయి. రియాక్టరు ఆపకుండానే యంత్రం ఒక చివర కొత్త కట్ట తోసి, రెండో చివర పాతది తీస్తుంది. ఇది తెలిసిన పనితనం. 2025 బడ్జెట్లో 20,000 కోట్లు ప్రకటించి, 2033 నాటికి కనీసం ఐదు నడవాలన్నది మాత్రం ఇంకా పుట్టాల్సిన దేశీయ చిన్న రియాక్టర్ల గురించి. పేపర్లో వార్త చదివేటప్పుడు ఏది ఏదో చూసుకోండి.

ఖర్చు సంగతికొస్తే, పరిశ్రమల్లో ఒక మోటు లెక్కుంది: సైజు పదో వంతుకు తగ్గిస్తే ఖర్చు నాలుగో వంతుకే తగ్గుతుంది. అంటే మెగావాటుకు రెండున్నర రెట్లు. ఫ్యాక్టరీలో ఒకే అచ్చులో డజన్లకొద్దీ తయారుచేస్తే ఈ తేడా పూడాలి. కానీ డజన్ల ఆర్డర్లు మొదట ఎవరిస్తారు? ఐడహోలో న్యూస్కేల్ ప్రాజెక్టులో మెగావాట్ అవర్ (వెయ్యి యూనిట్లు) కరెంటు ధర అంచనా 58 డాలర్ల నుంచి 89కి ఎగబాకింది, కొనేవాళ్లు చాలినంతమంది రాలేదు, 2023 నవంబరులో రద్దయింది. కాలమూ కలిసిరావడం లేదు. చైనాలో 2012 చివర మొదలైన 210 మెగావాట్ల కేంద్రం వాణిజ్యపరంగా నడిచింది 2023 డిసెంబరులో.

ఇక మన తిరుపతి, చిత్తూరు వైపు చూద్దాం. 220 మెగావాట్ల కరెంటు తీసుకున్నాక 530 మెగావాట్ల వేడి వదిలేయాలి. కూలింగ్ టవరు పెడితే ఇంచుమించు రోజుకు కోటిన్నర లీటర్లు ఆవిరైపోతాయి, ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు మూడు వేలు. ఏడాదికి టీఎంసీలో దాదాపు ఐదో వంతు. బోర్లు వెయ్యి అడుగులు దిగినా తడి తగలని మండలాలున్న జిల్లాలో, స్వర్ణముఖి ఇసుకే కనిపించే ఊళ్లలో, ఇది చిన్న సంఖ్య కాదు. సముద్రపు నీళ్లు వాడదామంటే తిరుపతి జిల్లా తీరంలో పులికాట్ సరస్సు, శ్రీహరికోట ముందే కూర్చున్నాయి.

పక్కనే కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. అక్కడి రాయి సున్నపు రకం, యాసిడ్ పోస్తే యాసిడ్ అంతా రాయే తాగేస్తుంది. అందుకే సోడా కలిపిన నీళ్లతో వేడిలో, ఒత్తిడిలో కరిగిస్తారు. టన్ను రాయికి వచ్చేది నాలుగు వందల గ్రాముల లోపు. ఒక్క 220 మెగావాట్ల రియాక్టరుకు ఏటా కావాల్సిన 35 టన్నుల యురేనియం అంతా ఇక్కడినుంచే తీస్తే, లక్ష టన్నులకు తక్కువ కాకుండా రాయి పిండి కావాలి. యురేనియం పోయినా రేడియం ఆ పిండిలోనే ఉండిపోతుంది, ఆ పిండి వ్యర్థాల కోసం కట్టిన చెరువులోకి చేరుతుంది. చుట్టుపక్కల రైతులు బోరు నీళ్ల గురించి చేసిన ఫిర్యాదులు మనకు తెలిసినవే.

ప్రాజెక్టు ఏదైనా ఈ ప్రాంతానికి వస్తే ప్రజాభిప్రాయ సేకరణలో మూడు అడగండి: మే నెలలో నీళ్లు ఏ కాలువ నుంచి, కరెంటూ డీజిలూ రెండూ పోతే ఎన్ని గంటలు చల్లగా ఉంటుంది, వాడేసిన ఇంధనం ఎన్నేళ్లు ఆ ఆవరణలోనే ఉంటుంది. జవాబు అంకెల్లో రాయించుకోండి.