గోడ మీద పిల్లి, గోదాములో గింజ

సభకు నమస్కారం.

2022 మార్చి 2న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశంలో ఉక్రెయిన్‌పై రష్యా దాడిని తప్పుపట్టే తీర్మానం ఓటింగుకు వచ్చింది. అనుకూలం 141, వ్యతిరేకం 5. మరో 35 దేశాలు ఎటూ ఓటేయలేదు. వాటిని గోడ మీద పిల్లులన్నవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ 35లో చైనా కూడా ఉంది, చిన్నా చితకా దేశాలూ ఉన్నాయి. అందరినీ ఒకే గాట కట్టలేం. గోడెక్కి కూర్చోవడం తేలికే, కింద నుంచి రాళ్లు పడుతున్నా దిగకుండా ఉండటమే కష్టం.

ఏ అగ్రరాజ్య కూటమిలోనూ చేరకుండా ఉండే అలీన విధానానికి బాట వేసిన 1955 బాండుంగ్, 1961 బెల్‌గ్రేడ్ సభల ఫొటోలు మీరంతా చూసినవే. వాటిని వదిలేసి 1956 ఈజిప్టుకు వెళ్దాం. నైలు నది మీద ఆస్వాన్ ఆనకట్టకు డబ్బిస్తామన్న అమెరికా జులై 19న మాట వెనక్కి తీసుకుంది. బ్రిటన్ కూడా అదే దారి పట్టింది. ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సోవియట్ కూటమి ఆయుధాలు కొన్నాడని, కమ్యూనిస్టు చైనాను గుర్తించాడని వాళ్లకు అప్పటికే గుర్రుగా ఉంది. వారం తిరిగేసరికి అలెగ్జాండ్రియాలో నాసర్ మైకు ముందు నిలబడ్డాడు. సూయజ్ కాలువ తవ్వించిన లెసెప్స్ పేరు రేడియోలో వినపడగానే కాలువ కంపెనీ ఆఫీసుల్లోకి వెళ్లి స్వాధీనం చేసుకోవాలని తన మనుషులకు ముందే చెప్పి ఉంచాడు. ఎక్కడ వినకుండా పోతారోనన్న టెన్షన్ కాబోలు, ఆ పేరు మళ్లీ మళ్లీ పలికాడు! ఆనకట్టకు తర్వాత సోవియట్ సాయం దొరికింది. గొప్ప తెగువే. కానీ ఆయన చేతిలో ఒక కాలువ ఉంది. అందరికీ ఉండదు కదా.

చేతిలో ఏమీ లేకపోతే ఎలా ఉంటుందో 1965, 66 కరువుల్లో భారత్ చూసింది. పీఎల్ 480 అనే ఆహార సాయం చట్టం కింద అమెరికా గోధుమలు ఓడ దిగినవి దిగినట్టే కంచాల్లోకి పోయే రోజులవి. వియత్నాంపై బాంబు దాడులను ఢిల్లీ తప్పుపడుతుంటే, అధ్యక్షుడు జాన్సన్ ఏడాది సరుకు ఒకేసారి కాకుండా నెలల లెక్కన విడుదల చేశాడు. వ్యవసాయ విధానం మార్పించడం ఆయన లెక్కల్లో ఒకటి, నోరు అదుపులో పెట్టించడం ఇంకొకటి. కొత్త వంగడాలతో పంజాబులో దిగుబడి పెరిగాక ఆ పట్టు సడలింది. 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో అమెరికా నౌకాదళం బంగాళాఖాతంలోకి వచ్చినా ఢిల్లీ వెనక్కి తగ్గలేదు. ఇందులోనూ ఒక మెలిక ఉంది: అప్పటికే, ఆ ఆగస్టులోనే, మాస్కోతో ఒప్పందం కుదిరింది. అలీన విధానం అంటూనే ఒక భుజం మీద చెయ్యి వేశాం. దాన్ని నేను తప్పనను, కానీ దాచుకోవాల్సిన పని కూడా లేదు.

ఇప్పటి ఆటలో ఆరితేరినవాళ్లు వియత్నాం వాళ్లే. 2023 సెప్టెంబర్‌లో బైడెన్, డిసెంబర్‌లో షీ జిన్‌పింగ్, 2024 జూన్‌లో పుతిన్, ముగ్గురూ హనోయ్ వచ్చారు. దీన్ని వాళ్లు వెదురు దౌత్యం అంటారు, వంగుతుంది గానీ విరగదని. సైనిక కూటముల్లో చేరరు, విదేశీ స్థావరాలకు చోటివ్వరు. అయితే ఫ్యాక్టరీలకు ముడిసరుకు ఎక్కువగా చైనా నుంచి రావాలి, తయారైంది ఎక్కువగా అమెరికాకు పోవాలి. 2025 ఏప్రిల్‌లో ట్రంప్ 46 శాతం సుంకం ప్రకటించిన రెండు రోజులకే హనోయ్ నుంచి ఆయనకు ఫోన్ వెళ్లింది. జులైకి అది 20 శాతానికి దిగింది. వేరే దేశాల సరుకు వియత్నాం మీదుగా వస్తే మాత్రం 40 శాతమన్నారు. ఆ 40 ఎవరిని ఉద్దేశించిందో బీజింగ్‌కు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.