విశాఖ కార్తెలో వరి చేను, దాని పక్కన డ్రైను

అందరికీ నమస్కారం. పొలం పని ఆపుకుని వచ్చారు కాబట్టి ఉపోద్ఘాతాలు పెట్టను. ఇవాళ 2025 నవంబరు 6. నిన్ననే కార్తీక పౌర్ణమి అయింది, ఇవాళ్టి నుంచి విశాఖ కార్తె. మన పెద్దలు వరి చేత ఒక మాట చెప్పించారు: "చిత్త చిత్తగించి, స్వాతి చల్లజేసి, విశాఖ విసరకుంటే అనూరాధలో అడిగినంత పండుతాను" అని. జూలైలో నారు పోసిన సాంబ మసూరికి ఈ లెక్క సరిగ్గా సరిపోతుంది. చిత్తలో చేను పొట్ట మీద ఉంటుంది, అంటే కంకి ఇంకా కాడ లోపలే ఉంటుంది. స్వాతిలో ఈనుతుంది, అంటే కంకి బయటికి వస్తుంది, విశాఖలో పాలు పోసుకుంటుంది, అనూరాధ వెళ్లేసరికి కొడవలికి వస్తుంది. ఈ ఏడాది స్వాతి చల్లజేయలేదు సరికదా, విశాఖ చేయాల్సిన విసురుడు అదే చేసేసింది. అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది.

మన కృష్ణా పశ్చిమ డెల్టాలో ఇవాళ చేలన్నీ ఒకే దశలో లేవు. తెనాలి వైపు, కాలువ మొదట్లో ముందు నాట్లు పడ్డ చోట కంకి వంగింది. పై గింజలు గట్టిపడ్డాయి, కంకి మొదట్లోవి ఇంకా పాల మీదే ఉన్నాయి. ఇటు కర్లపాలెం, నిజాంపట్నం వైపు కాలువ చివరి భూముల్లో ఇప్పుడిప్పుడే ఈనుతున్న చేలు కనిపిస్తున్నాయి. ఒక్క చివరి మడిలో పొట్ట కూడా విచ్చలేదు. ఇంత చిన్న ప్రాంతంలో ఇంత తేడా దేనికంటే, నీళ్లు అందిన తేదీని బట్టి నాట్లు పడ్డాయి, నాట్లను బట్టి దశలు వచ్చాయి. కాబట్టి అందరికీ కలిపి ఒకే సలహా చెబితే అది ఎవరికీ పనికిరాదు.

ముందు ఈనిక మీద వాన తగిలిన చేల సంగతి చూద్దాం. వరి పువ్వు పొద్దున తొమ్మిది, పన్నెండు గంటల మధ్య విచ్చుకుంటుంది. ఒక కంకిలోని పూలన్నీ విచ్చడానికి సుమారు వారం పడుతుంది. ఆ వారంలో పొద్దుటిపూట వాన పడితే పుప్పొడి కడుక్కుపోయి గింజ తాలు పోతుంది. ఇంటికెళ్లాక చేనులో నాలుగు చోట్ల నాలుగు కంకులు తెంపండి. బొటనవేలితో గింజల్ని ఒక్కొక్కటిగా నొక్కి చూడండి. పాలు వచ్చింది గింజ, మెత్తగా అణిగిపోయింది తాలు. పైకి పచ్చగా కనిపిస్తోంది కదా అని సంబరపడి, కోతల్లో బస్తాలు లెక్కపెట్టినప్పుడు లబలబలాడే కంటే ఇప్పుడే తెలియడం మేలు. తాలు ఎక్కువని తేలిన చేనుకు ఇంకో దఫా యూరియా వేసి, టానిక్కులు కొట్టి లాభం లేదు. తాలు గింజలో పాలు పోసే మందు ఏ షాపులోనూ దొరకదు. షాపతను దొరుకుతుందనే చెబుతాడు, అది వేరే విషయం.

ఇక పడిపోయిన చేలు. ఇక్కడే నేను కాసేపు ఆగాలనుకుంటున్నాను.

గాలికి పడిన చేను అంతా పోయినట్టు కాదు. పాల దశలో పడ్డా, కింద నీళ్లు లేకపోతే రెండు మూడు రోజుల్లో కంకి తల ఎత్తుతుంది. కూలీలు దొరికితే నాలుగైదు దుబ్బులు కలిపి కట్టి నిలబెట్టుకోవచ్చు. గింజ గట్టిపడ్డాక పడితే కోతకు ఖర్చు పెరుగుతుంది, కొంత రాలుతుంది, అయినా చాలావరకు చేతికొస్తుంది. పంటను పూర్తిగా పోగొట్టేది పడిన చేను మీద నిలిచిన నీరు. గింజ నీళ్లలో రోజుల తరబడి నానితే రంగు మారుతుంది, ఆపైన కంకి మీదే మొలకెత్తుతుంది. అందులోనూ 1986లో మన బాపట్ల నుంచే విడుదలైన బీపీటీ 5204కి, అంటే మన సాంబ మసూరికి, తిండిలో ఎంత పేరుందో, నీళ్లకు అంత లోకువ. దాని గింజకు నిద్రావస్థ లేదు. ఇవాళ పండితే రేపు మొలవడానికి సిద్ధం. కాండం కూడా గట్టిది కాదు. ఈ సంగతి మనకు తెలియక కాదు, ఆ బియ్యానికున్న రేటు కోసం ఆ రిస్కు తీసుకుంటున్నాం.

అందుకే ఒకే వాన పడ్డ రెండు ఊళ్లలో ఒక ఊరు గట్టెక్కుతుంది, ఇంకో ఊరు మునుగుతుంది. తేడా మబ్బుల్లో లేదు, చేల మురుగు నీళ్లను బయటికి తీసే డ్రైనులో ఉంది. రొంపేరు, నల్లమడ, తుంగభద్ర డ్రైను, రేపల్లె డ్రైను ఏది తీసుకున్నా పైనున్న వేల ఎకరాల నీళ్లు చివరికి సముద్రంలోకి పోవాల్సినవే. దారిలో గుర్రపు డెక్క పరుపులా పరుచుకుని ఉంటుంది. కొన్ని చోట్ల డ్రైను గట్టును కలుపుకుని చేపల చెరువులు తవ్వేశారు. ఇవన్నీ దాటి డ్రైను సముద్రంలో కలిసే మొగ దగ్గరకు వెళితే ఇసుక మేట. దానికి తోడు అమావాస్యకీ పౌర్ణమికీ సముద్రం పోటు మీద ఉంటుంది. నిన్న పౌర్ణమి కదా, మొంథా నీళ్లు ఎక్కడైనా ఇంకా మిగిలి ఉంటే ఈ రెండు మూడు రోజులు డ్రైను మెల్లగా లాగుతుంది. నీరు ఎందుకు తీయడం లేదని కంగారుపడి గట్టుకు గండి కొట్టకండి. మీ నీళ్లు పక్కవాళ్ల చేలోకి పోతాయి, రాత్రికి రాత్రి ఊరి తగాదా మొదలవుతుంది. ఆటు వచ్చే వేళ చూసుకుని చేలోంచి డ్రైనుకు పోయే బోదెల నోళ్లు తెరవండి, పోటు మొదలవుతుంటే మూసేయండి. పాతకాలం నీరుకట్టు మనుషులకు ఈ వేళలు నోటికి వచ్చేవి. ఇప్పుడు ఫోనులో చూసుకోవచ్చు.

ఈ మురుగు బాధ కొత్తది కాదు. కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855కి పూర్తయింది. దాని చోట ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది. నీళ్లు తెచ్చే ఏర్పాటు అంత పాతది. నీళ్లు తీసే ఏర్పాటు మీద మాత్రం ఆలస్యంగా కళ్లు తెరిచారు. 1960లలో వరదలు ముంచెత్తాక డ్రైన్ల సంగతి చూడడానికి మిత్రా కమిటీని వేశారు. ఆ పనుల కోసం 1968లో కృష్ణా, గోదావరి డెల్టాలకు డ్రైనేజీ సెస్సు చట్టం తెచ్చారు. డ్రైన్ల పేరు చెప్పి మన తాతల దగ్గర పన్ను వసూలు చేశారన్నమాట. మన సంగతీ ఒకటి చెప్పుకోవాలి. జూలైలో కాలువకు నీళ్లు రాకపోతే అందరం రోడ్డెక్కుతాం. ఏప్రిల్‌లో డ్రైను పూడిక తీయలేదని రోడ్డెక్కిన రైతును మాత్రం నేను నా సర్వీసులో చూడలేదు. ఎండాకాలంలో డ్రైను ఎవరికీ గుర్తుండదు. నవంబరులో గుర్తొచ్చేసరికి పొక్లెయిన్ దిగడానికి గట్టు మీద చోటుండదు.

తుపానుల తేదీలు ఒక్కసారి తలచుకుందాం. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న. కోనసీమను ఊడ్చేసిన తుపాను 1996లో సరిగ్గా ఇదే రోజు, నవంబరు 6న. హెలెన్ 2013 నవంబరు 22న మచిలీపట్నం దగ్గర దాటింది. మిచౌంగ్ 2023 డిసెంబరు 5న మన బాపట్ల దగ్గరే దాటింది, అప్పటికి చాలామందికి కోసిన పనలు చేలోనే ఉన్నాయి. ఇవన్నీ చూసి కొందరంటారు: జూన్ మొదట్లోనే కాలువలకు నీళ్లు వదిలేస్తే అక్టోబరు ఆఖరుకల్లా కోతలు అయిపోతాయి, తుపాను బెడద వదిలిపోతుంది అని. 2022లో గోదావరి డెల్టాకు జూన్ 1నే, మనకు జూన్ 10న నీళ్లు వదిలారు కూడా. 2015 నుంచి గోదావరి నీళ్లను కృష్ణకు తెచ్చే పట్టిసీమ ఎత్తిపోతల ఉంది కాబట్టి శ్రీశైలం, సాగర్ నిండేదాకా ఆకాశం వైపు చూడాల్సిన పని కొంత తగ్గింది. అది చాలా మంచి పని, కాదనను. ముందు నాటిన చేనుకు తెగుళ్లు కూడా తక్కువ, తర్వాతి పంటకు సమయం దొరుకుతుంది.

కానీ అక్టోబరులో మాత్రం వానలు ఆగుతాయా? ఫైలిన్, హుద్‌హుద్ రెండూ అక్టోబరు 12నే వచ్చాయి, ఒకటి 2013లో, ఒకటి 2014లో. 2013 అక్టోబరు చివరి వారం కోస్తా అంతా వానల్లో నానిపోయింది. నైరుతి వెళ్లిపోవడం, ఈశాన్యం రావడం ఒకదాని మీద ఒకటి జరిగే నెల అది. తేదీ ముందుకు జరిపితే ఒక ప్రమాదం తగ్గి ఇంకోటి ఎదురవుతుంది, అంతే. డ్రైను బాగుంటే మాత్రం ఏ నెలలో తుపాను వచ్చినా పనికొస్తుంది. ఖర్చు పెట్టడానికి ఒక్క రూపాయే ఉంటే నేను దాన్ని డ్రైనులోనే వేస్తాను.

ఇక రాబోయే రోజుల సంగతి. ఇప్పుడు వాతావరణ శాఖ నాలుగైదు రోజుల ముందే చెబుతోంది, 1977లో ఆ అదృష్టం లేదు. అయితే హెచ్చరిక రాగానే మన ఊళ్లలో మొదలయ్యే టెన్షన్ వేరు. ఆరెంజ్ అలర్ట్ అనే మాట వాట్సాప్‌లో పడిన గంటకు కోత మిషన్ల వాళ్ల ఫోన్లు మోగిపోతాయి. రేటు పెరుగుతుంది. నిండా పండని చేను కూడా కోసేస్తారు. నా మాట వినండి: రెండు రోజుల్లో వాన అంటుంటే చేత్తో కోసి పనలు పరచొద్దు. నిలబడి ఉన్న చేను వానను ఓర్చుకున్నంతగా, నేల మీద పరిచిన పన ఓర్చుకోదు. ఇప్పటికే కోసి ఉంటే కట్ట కట్టి, మెరక మీద కుప్ప వేసి, పైన పట్టా కప్పండి. కంకులు లోపలికి, మొదళ్లు బయటికి ఉండేలా, నడుమ ఎత్తుగా వేసిన కుప్ప నీళ్లను పక్కలకు జార్చేస్తుంది. ఇప్పటి కుర్రాళ్లకు కుప్ప వేయడం రాదు, తప్పు వాళ్లది కాదు, మిషన్ వచ్చాక నేర్పినవాళ్లు లేరు. ఊళ్లో కుప్ప కట్టగలిగిన పెద్దాయన ఒక్కడున్నా ఈ నెల ఆయన్ను కాస్త మర్యాదగా చూసుకోండి.

పనలు తడిసిపోతే మొలక రాకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి కంకుల మీద పడేలా కొట్టండి. పడిపోయిన చేనుకూ ఇదే. ఖర్చు తక్కువ, పనిచేస్తుంది.

మిషన్‌తో కోసిన వడ్లు పచ్చిగా ఉంటాయి. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే పేచీ. ఈ 2025-26 ఖరీఫ్ సీజనుకు మద్దతు ధర మామూలు రకం క్వింటాలుకు 2,369 రూపాయలు, ఏ గ్రేడు 2,389. మామూలు రకానికి 75 కిలోల బస్తా లెక్కన 1,777 పడుతుంది. ఆ ధర కాగితం మీది నుంచి జేబులోకి రావాలంటే మధ్యలో తేమ మిషన్ ఉంది. ఒకే వడ్లకు ఒక మిషన్ ఒకటి చూపిస్తే ఇంకోటి ఇంకోటి చూపించడం మీలో చాలామందికి అనుభవమే. బస్తాలు ఎత్తకముందే మీ ఎదుట రెండుసార్లు చూపించమని అడగండి, అది గొడవ కాదు, మీ హక్కు. రోడ్డు మీద ఆరబోసేవాళ్లు రాత్రిపూట మాత్రం రాళ్లు అడ్డం పెట్టకండి. బండ్ల వాళ్లు చీకట్లో వాటిని చూసుకోలేరు.

తెగుళ్ల గురించి రెండు ముక్కలే. తుపాను తర్వాత మబ్బు, ఉక్క, దట్టంగా పెరిగిన చేను అంటే దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చే సుడిదోమకు పండగ. ఆకుల మీద చూస్తే కనపడదు. దుబ్బును పక్కకు వంచి నీటి మట్టానికి కాస్త పైన చూడండి. నాట్లప్పుడు చేను మధ్య ఖాళీగా కాలిబాటలు తీసినవాళ్లకు మందు అక్కడిదాకా చేరుతుంది, తీయనివాళ్లకు పైనే ఆగిపోతుంది. చలి మొదలై మంచు కురిస్తే కంకి మెడ దగ్గర విరిగే మెడవిరుపు తెగులు వస్తుంది, ఆలస్యంగా ఈనే చేలవాళ్లు దాని మీద కన్నేయండి.

కౌలు రైతులకు ప్రత్యేకంగా ఒక మాట. ఈ సభలో సగం పైన మీరే ఉన్నారని నాకు తెలుసు. నష్టం 33 శాతం దాటితేనే పరిహారం లెక్కలోకి వస్తుంది. ఆ లెక్క ఈ-క్రాప్‌లో, అంటే ప్రభుత్వ పంట నమోదులో, ఎవరి పేరుంటే వాళ్లది. 2019 చట్టం కింద సాగుదారు కార్డు రావాలంటే భూమి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని వాళ్ల భయం. పంట పోతే మనకు దక్కేదేమీ లేదని మన భయం. ఆ చట్టం కింద రాసే ఒప్పందం పదకొండు నెలలదే, దానివల్ల భూమి హక్కు మారదని యజమానికి ఓపిగ్గా చెప్పండి, అవసరమైతే నన్ను పిలవండి, నేనొచ్చి చెబుతాను. ఈ ఏడాదికి పేరు ఎక్కించుకోనివాళ్లు కనీసం మునిగిన చేను ఫొటోలు తేదీతో సహా తీసి పెట్టుకోండి, లెక్కింపుకు వచ్చినవాళ్ల వెంట పొలానికి వెళ్లండి. వాళ్లు గట్టు మీద నుంచే రాసుకుని వెళ్లిపోకుండా చూడండి.

ఆఖరుగా రెండో పంట. కోతకు రెండు మూడు రోజుల ముందు నిలబడ్డ వరిలోనే మినుము చల్లడం మన డెల్టా అలవాటు. దానికి చేనులో పదునుండాలి, నీరుండకూడదు. చేను ఇంకా చిత్తడిగా ఉంటే విత్తనం కుళ్లుతుంది, బంగారుతీగ కలుపూ, పల్లాకు తెగులూ సరే సరి. అలాంటి చోట మినుము ఆశ వదులుకుని, వరి కోశాక దున్నకుండా మొక్కజొన్న గానీ జొన్న గానీ పెట్టుకోండి. విత్తనం ఇప్పుడే కొని పెట్టుకోవద్దు. కోత ఎప్పుడవుతుందో, పదును ఎలా ఉంటుందో చూశాకే కొనండి. ఎవరి చేను ఏ దశలో ఉందో చెబితే దానికి తగ్గట్టు మాట్లాడుకుందాం. ముందు కాలువ చివరి ఊళ్లవాళ్లు అడగండి, మీకు తిరిగి వెళ్లడానికి దూరం ఎక్కువ.