అస్థికల కలశానికి ఖరీదైన వాల్ట్ అవసరమా?

వ్యాఖ్యాత: లైన్లో డాలస్ నుంచి ఒకావిడ ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండి. మా నాన్నగారు ఈమధ్య ఇక్కడే పోయారు. దహనం అయిపోయింది. సగం అస్థికలు రాజమండ్రి తీసుకెళ్లి గోదావరిలో కలుపుతాం. మిగతావి ఇక్కడి సెమెటరీలో పెట్టమని పిల్లలు అడుగుతున్నారు, తాతయ్యను చూసి రావచ్చని. అంత్యక్రియలు చేయించే ఫ్యూనరల్ హోమ్ వాళ్లు కలశానికి వాల్ట్ కావాలన్నారు, అంటే కలశాన్ని లోపల పెట్టి భూమిలో పూడ్చే గట్టి పెట్టె. లోపల కంచు రేకు ఉన్నదైతే నీళ్లు చేరవట. రేటేమో చాలా ఎక్కువ. తక్కువది కొంటే నాన్నకి లోటు చేసినట్టవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

సలహాదారు: ఏ లోటూ లేదమ్మా. సగం మీరే నీళ్లలో కలుపుతున్నారు కదా, మిగతా సగానికి నీళ్లు తగలకూడదని అంత డబ్బెందుకు? అగ్నిలో అంతా పోయాక మిగిలింది ఎముకల పొడి. అది కుళ్లేది కాదు. వాల్ట్ పనల్లా మట్టి బరువు, గడ్డి కోసే బండ్ల బరువు కలశం మీద పడకుండా చూడటం, పైన నేల కుంగకుండా ఆపడం.

శ్రోత: చట్టప్రకారం ఉండాల్సిందేనన్నారండి.

సలహాదారు: అమెరికాలో చాలాచోట్ల చట్టం అడగదు, సెమెటరీ అడుగుతుంది. అందుకని ముందు సెమెటరీకే ఫోన్ చేయండి. వాల్ట్ తప్పనిసరా, ఎలాంటిది ఒప్పుకుంటారు, బయట కొన్నది పెట్టనిస్తారా, గొయ్యి తవ్వి పూడ్చడానికి ఎంత అని అడగండి. ఆ చివరిది చాలామంది అడగరు, బిల్లులో చూసి కంగారు పడతారు. ఫ్యూనరల్ హోమ్‌ వాళ్లు దేని ధర దానికి విడిగా చెప్పాలి, ఫోన్లో అడిగినా సరే. 1984 నుంచి ఫెడరల్ నిబంధన ఉంది. లేని రక్షణ ఉందని చెప్పి అమ్మకూడదు కూడా.

శ్రోత: మరి ఏది తీసుకోమంటారు?

సలహాదారు: డాలస్ చుట్టుపక్కల మన నల్లరేగడి లాంటి నేలే ఎక్కువ. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. మామూలు కాంక్రీటుదో, మందపాటి ప్లాస్టిక్‌దో చాలు. కలశం ఎలాంటిది?

శ్రోత: ఇంట్లో ఉన్న ఇత్తడిదండి. మూతకి గుబ్బ ఉంటుంది.

సలహాదారు: ఆ గుబ్బతో కలిపి ఎత్తు కొలవండి, పొట్ట దగ్గర వెడల్పు కొలవండి. వాల్ట్ బయటి కొలత కాదు, లోపలి కొలత అడగండి. గుబ్బ అడ్డుపడి మూత కూర్చోకపోతే ఆ రోజు అందరి ముందూ ఇబ్బంది. మీ అమ్మగారున్నారా?

శ్రోత: ఉన్నారండి. తననీ అక్కడే పెట్టమంటోంది.

సలహాదారు: అయితే ఒకే చోట రెండు కలశాలు పెట్టనిస్తారేమో ఇప్పుడే కాగితం మీద రాయించుకోండి. రెండు పట్టే వాల్ట్‌లూ దొరుకుతాయి. గోదావరికి తీసుకెళ్లేవి మాత్రం లోహపు పాత్రలో వద్దు. ఎయిర్‌పోర్టులో ఎక్స్‌రేకి లోపల కనబడకపోతే విమానంలోకి రానివ్వరు, చెక్కదో ప్లాస్టిక్‌దో వాడండి. డెత్ సర్టిఫికెట్, దహనం చేసినట్టు సర్టిఫికెట్ చేతి సంచిలోనే ఉంచుకోండి. కాన్సులేట్ నుంచి ఏ కాగితాలు కావాలో టికెట్ కొనకముందే కనుక్కోండి.