మత్తు డాక్టర్‌ని, ఆటిజం ఉన్న మనిషిని

శ్రోతలందరికీ నమస్కారమండీ. నేను చెన్నైలో మత్తు డాక్టర్‌ని, అంటే ఆపరేషన్‌కి అనస్థీషియా ఇచ్చేదాన్ని. నాకు ఆటిజం ఉంది, అంటే పుట్టుకతోనే మెదడు పనిచేసే తీరు కాస్త వేరు. ఆటిజం ఉన్నావిడ డాక్టర్ ఎలా అయిందండీ అని అడిగేవాళ్లున్నారు, అందుకే ఇవాళ వచ్చా.

ఆటిజం అనగానే మనకి మాటలు రాని చిన్న బాబే గుర్తొస్తాడు. 1943లో లియో కానర్ అనే డాక్టర్ ఆటిజం గురించి రాసిన వ్యాసంలోని 11 మంది పిల్లల్లో కూడా ఆడపిల్లలు ముగ్గురే. ఆడపిల్ల ఓ మూల కూర్చుని చదువుకుంటుంటే మన ఇళ్లల్లో బుద్ధిమంతురాలు అంటారు తప్ప అనుమానం ఎవరికొస్తుంది చెప్పండి, పైగా ఎప్పుడు నవ్వాలి ఎంతసేపు కళ్లల్లోకి చూడాలి అన్నీ పక్కవాళ్లని చూసి నేర్చేసుకుంటాం, దాన్నే మాస్కింగ్ అంటారు. నాకు ఆటిజం ఉందని పీజీ అయ్యాకే తెలిసింది.

ఆపరేషన్ థియేటర్‌లో నాకు హాయి. ఎవరి పని ఏంటో ముందే తెలుసు, కోత పెట్టేముందు పేషెంట్ పేరు, ఏ ఆపరేషన్, ఏ వైపు అని అందరూ వినేలా చెప్పుకోవాలి, డబ్ల్యూహెచ్ఓ 2008లో తెచ్చిన చెక్‌లిస్ట్ అది. ఆక్సిజన్ తగ్గేకొద్దీ మానిటర్ బీప్ శ్రుతి దిగుతుంది, మత్తు డాక్టర్లందరూ వింటారు దాన్ని, నేనైతే వినకుండా ఉండలేను. అదే చెవి క్యాంటీన్‌లో ప్రాణం తీస్తుంది, స్టీలు ప్లేట్లు, టీవీ, తమిళం తెలుగు ఇంగ్లీషు అన్నీ ఒకేసారి. ఇంకోటి, "ఆ పేషెంట్‌ని కాస్త చూస్కో" అని ఫోన్ పెట్టేస్తారు. ఏం చూడాలి? బీపీనా, నొప్పినా? డ్యూటీ కన్నా ఇవే నన్ను ఎక్కువ అలసగొడతాయి.

నెల్లూరు, సూళ్లూరుపేట నుంచి రైలెక్కి సెంట్రల్‌లో దిగి వస్తారు మనవాళ్లు, తమిళంలో చెప్పింది సగమే అర్థమవుతుంది పాపం. నేను ఉన్నదున్నట్టు చెప్తా. "వెన్నులో సూది వేస్తాం పెద్దమ్మా, కాళ్లు వేడెక్కి మొద్దుబారతాయి, లాగుతున్నట్టు తెలుస్తుంది, నొప్పనిపిస్తే మాత్రం వెంటనే చెప్పండి." ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "భయం లేదని అందరూ అన్నారు తల్లీ, ఏం చేస్తారో నువ్వొక్కదానివే చెప్పావు" అంది. ఇంతకుముందు పనిచేసిన ఓ చోట నా రిపోర్ట్‌లో "పేషెంట్లతో కలవదు" అని రాశారు, అది ఇప్పటికీ బాధే నాకు.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది, అయినా ఉద్యోగం పోతుందేమోనని పైకి చెప్పని డాక్టర్లు, నర్సులు ఉంటారు, నేనూ చాన్నాళ్లు చెప్పలేదు. ఐర్లండ్‌లో మేరీ డోహర్టీ గారు 2019లో ఆటిజం ఉన్న డాక్టర్ల కోసం సంఘం పెట్టారు. ఆవిడా మత్తు డాక్టరే! అది చదివి ఎంత ధైర్యం వచ్చిందో.

హాస్పిటల్ నడిపేవాళ్లు వింటుంటే ఒక మాటండీ. డ్యూటీ మారిస్తే ముందే మెసేజ్ పెట్టండి, ఫోన్‌లో చెప్పింది రెండు ముక్కల్లో రాసివ్వండి, రెస్ట్ రూంలో ఆ పెద్ద లైటు ఆర్పుకోనివ్వండి. ఇంటర్వ్యూలో కళ్లల్లోకి చూడలేదని మార్కులు కొయ్యకండి, మా పని చూసి వెయ్యండి.