కంప్యూటరు జప్తు, ముద్దాయి హక్కులు: హాష్ విలువ ఏ రోజు రాయాలి?

అధ్యక్షులకు, న్యాయవాద మిత్రులకు, ఈ సభకు వచ్చిన కోనసీమ పెద్దలకు నమస్కారం.

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల మేత ఖాతాలు, మండపేట రైసు మిల్లుల ధాన్యం లెక్కలు, ఊరూరా ఇంటర్నెట్ సెంటర్లలో జనం స్కాన్ చేయించుకున్న ఆధార్ కార్డులు, పట్టాదారు పాసుపుస్తకాలు ఈరోజు కంప్యూటర్లలోనే ఉంటున్నాయి. పోలీసులు ఒక కంప్యూటరును పట్టుకుపోయారంటే ముద్దాయి బతుకుతెరువుతో పాటు, కేసుతో ఏ సంబంధమూ లేని ఇరుగుపొరుగు కాగితాలు కూడా స్టేషనుకు చేరినట్టే.

పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షను ప్రకారం, సోదా మొదలుకొని జాబితా మీద సాక్షుల సంతకాల దాకా అంతా ఆడియో, వీడియోలో రికార్డు చేసి, జాప్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలి. జాబితా నకలు ఇంటివారికి ఇవ్వాలి. మన ప్రాంతంలో మధ్యవర్తులుగా, అంటే సోదాకు సాక్షులుగా, తరచు వీఆర్వోలనే పిలుస్తారు. వారి నిజాయితీని నేను శంకించను. కానీ 'నల్లరంగు సీపీయూ ఒకటి' అని రాసిన పంచనామా మీద సంతకం పెట్టిన మనిషి, దాని లోపల ఆనాడు ఏముందో ఎలా చెప్పగలడు?

కత్తిని జప్తు చేస్తే అది కత్తిగానే ఉంటుంది. కంప్యూటరును మాత్రం ఒక్కసారి ఆన్ చేసినా లోపల కొన్ని ఫైళ్ల తేదీలు మారిపోతాయి. హాష్ విలువ అవసరమయ్యేది ఇక్కడే. డిస్కులోని సమాచారమంతటి నుంచి లెక్కకట్టి తీసే ఆ విలువ, లోపల ఒక్క అక్షరం మారినా మారిపోతుంది. మన గోదావరి వరదనే చూడండి: ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరగానే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఏ గంటకు ఎన్ని అడుగులుందో అప్పుడే రాసిపెట్టకపోతే, వరద తీశాక గోదావరిని అడిగి తెలుసుకోలేం. హాష్ విలువా అంతే, జప్తు రోజే రాయాలి. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద కోర్టుకు ఇచ్చే ధ్రువపత్రంలో ఈ విలువకు చోటుంది. అయితే నెలల తర్వాత ల్యాబులో తీసిన విలువ, తీసిన రోజు నుంచి ఏమీ మారలేదని మాత్రమే చెబుతుంది, అంతకుముందు ఆ యంత్రం స్టేషను గదిలో ఉన్న రోజుల గురించి ఏమీ చెప్పదు. నా వాదనంతా ఆ రోజుల గురించే.

మెమరీ కార్డులోని సమాచారం కూడా పత్రమేనని, మామూలుగా దాని నకలు ముద్దాయికి ఇవ్వాలని, బాధితుల గోప్యతకు భంగం కలిగే చోట చూసుకోనిస్తే చాలని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. జప్తు చేసిన వస్తువులను అవసరానికి మించి స్టేషన్లలో ఉంచవద్దని 2002లోనే చెప్పింది. అయినా డిస్కు నకలు తీశాక కూడా యంత్రాన్ని ఏళ్ల తరబడి అట్టిపెడితే, నేరం రుజువు కాకముందే శిక్ష పడినట్టు కాదా?

కనుక మిత్రులారా, మీ కక్షిదారుడిని రిమాండుకు తెచ్చిన మొదటి రోజే పిటిషను వేయండి: సోదా వీడియో మేజిస్ట్రేటుకు చేరిందా, సీలు ఏ గంటకు వేశారు, హాష్ విలువ ఎవరు, ఎప్పుడు, ఎవరి ఎదుట తీశారు, తీయకపోతే ఎందుకు తీయలేదు అన్న నాలుగు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు కోరండి.